పోల్ మూవ్స్ నేర్చుకోవడానికి పుస్తకం, వీడియో, క్లాసు ఎంచుకోవడం ఎలా

పోల్ డ్యాన్స్ నేర్చుకోవాలనుకునేవాళ్ళకు వీడియోలకు కొదవ లేదు. ఫోన్ తెరిస్తే చాలు, పది సెకన్లలో పోల్ ఎక్కి తలకిందులై కాళ్ళు చాచేవాళ్ళు వరసపెట్టి కనిపిస్తారు. కష్టమల్లా ఏది పక్కన పెట్టుకుని సాధన చేయాలన్న దగ్గరే వస్తుంది. పుస్తకమైనా, వీడియో కోర్సైనా, టీచరైనా ముందు చూడాల్సింది ఒక్కటే: ఆ మూవ్‌లోంచి కిందికి ఎలా దిగాలో చెబుతున్నారా లేదా. ఎక్కడం ఎవరైనా చూపిస్తారు. చెయ్యి జారితే ఏం చేయాలి, సగంలో బలం అయిపోతే ఎటు వంగి నేలకు చేరాలి అన్నది చెప్పని వనరును, ఫొటోలు ఎంత బాగున్నా సరే, పక్కన పెట్టేయండి.

1. వనరు కంటే ముందు మీ పోల్ గురించి రాసుకోండి

ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి. పోల్ వ్యాసం ఎంత, పైపూత ఏది, అది స్టాటిక్‌గా ఉందా స్పిన్‌లో ఉందా, నేల నుంచి సీలింగ్ దాకా ఎత్తెంత.

వ్యాసం ఇప్పుడు ఎక్కువచోట్ల 45 మిల్లీమీటర్లు. పాత స్టూడియోల్లో 50 కనిపిస్తుంది, చిన్న చేతులవాళ్ళు 40 కూడా వాడతారు. ఈ అయిదు మిల్లీమీటర్ల తేడా చూడటానికి ఏమీ కాదనిపిస్తుంది. పట్టుకున్నప్పుడు మాత్రం 50 పోల్ చుట్టూ వేళ్ళు పూర్తిగా మూసుకోవు, అరచేతి బలం త్వరగా అయిపోతుంది. మోకాలి వెనక మడతతో పట్టుకునే మూవ్స్‌లో మాత్రం కొందరికి లావు పోలే సుఖం. కాబట్టి వీడియోలో వాళ్ళు ఏ సైజు మీద చేస్తున్నారో తెలియకపోతే, అక్కడ సులువుగా కనిపించింది మీకెందుకు రావడం లేదో ఎప్పటికీ అర్థం కాదు.

స్టాటిక్, స్పిన్ తేడా ఇంకా పెద్దది. స్టాటిక్ పోల్ కదలదు, దాని చుట్టూ మీరే తిరుగుతారు. స్పిన్‌లో పోలే తిరుగుతుంది. స్టాటిక్ మీద నేర్పిన ఊపును అలాగే స్పిన్ మీద వేస్తే వేగం చేయి దాటిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, ఎక్కడ ఆపాలో తెలియదు. మంచి వనరు ప్రతి మూవ్ దగ్గరా ఇది ఏ పోల్ కోసమో చెబుతుంది.

ఇక వాతావరణం. చాలా వీడియోలు చలి దేశాల్లో తీసినవి. పోల్ చల్లగా ఉంది, ముందు ఒళ్ళు రుద్ది వేడి చేయండి, చర్మం పొడిగా ఉంటే జిగురు గ్రిప్ రాసుకోండి అంటారు. మే నెలలో విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవాళ్ళకు ఈ సలహా తిరగబడుతుంది. మనకు సమస్య చెమట. జిగురు రకం గ్రిప్ చెమటతో కలిసి పేస్టులా మారి ఇంకా జారుస్తుంది. మనకు కావాల్సింది చెమటను పీల్చే రకం, చేతులకు రాసుకునే ద్రవ సుద్ద, అంటే లిక్విడ్ చాక్ లాంటివి. పక్కన పొడి గుడ్డ, ఫ్యాను. ఉక్కపోతలో క్రోమ్ కంటే ఇత్తడి పోల్ మీద పట్టు బాగుంటుందని చాలామంది అనుభవం. క్లాసు రోజు పొద్దున ఒంటికి కొబ్బరినూనె, లోషన్ రాయకండి. తలకు రాసిన నూనె మెడ మీదికి, అక్కడి నుంచి పోల్ మీదికి చేరుతుంది. తరవాత పట్టుకున్నవాళ్ళు జారతారు.

పోల్‌తో పాటు వచ్చిన మాన్యువల్ కూడా రిఫరెన్సే. చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు. నేలకూ సీలింగ్‌కూ మధ్య బిగించే పోల్ అయితే పైన గట్టి కాంక్రీటు శ్లాబు ఉండాలి. మన అపార్టుమెంట్లలో హాలు నిండా వేయించే జిప్సం ఫాల్స్ సీలింగ్ కింద దాన్ని బిగించకూడదు. ఎక్స్‌టెన్షన్ ఎంతవరకు తిప్పవచ్చో, ఎన్నాళ్ళకోసారి బిగింపు చూసుకోవాలో, ఏ పైపూతను దేనితో తుడవాలో అందులోనే ఉంటుంది. ఎంత మంచి కోర్సు కొన్నా ఈ నాలుగు పేజీల పని అది చేయదు.

2. ఏ రకం వనరు ఏ పనికి

మొదటి మూడు నెలలకు టీచరున్న క్లాసుకు సాటి లేదు. వీడియో మిమ్మల్ని చూడలేదు. మీ భుజం చెవి దగ్గరికి ఎగబాకుతోందని చెప్పలేదు. మీ ఊళ్ళో స్టూడియో లేకపోతే, ఏ నగరానికైనా వెళ్ళి నాలుగైదు క్లాసులు చేసి వచ్చాక ఇంట్లో మొదలుపెట్టినా చాలా తేడా ఉంటుంది. అదీ కుదరకపోతే, మీరు తీసిన వీడియో చూసి తప్పులు చెప్పే ఆన్‌లైన్ టీచరును వెతకండి. రికార్డు చేసి అమ్మే కోర్సు కంటే అది మేలు.

మూవ్ నిఘంటువుల్లాంటి పుస్తకాలు, యాప్‌లు గుర్తు చేసుకోవడానికి బాగుంటాయి. క్లాసులో నేర్చుకున్నది మరిచిపోకుండా చూసుకోవచ్చు, ఒక మూవ్ తరవాత ఏది కలుస్తుందో వెతుక్కోవచ్చు. కొత్త మూవ్‌ను కేవలం ఫొటో చూసి మొదలుపెట్టడానికి మాత్రం అవి పనికిరావు.

అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ సమాఖ్య, అంటే ఐపీఎస్ఎఫ్, పోటీల కోసం కోడ్ ఆఫ్ పాయింట్స్ అని ఒక పత్రం విడుదల చేస్తుంది. 2009లో మొదలైన సంస్థ ఇది. ఈ పత్రం గురించి కొత్తవాళ్ళకు తెలియకపోవడం బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఇంత కచ్చితంగా రాసిన పత్రం దొరకడం అరుదు. ప్రతి మూవ్‌కూ ఒక కోడ్, బొమ్మ, శరీరంలో ఏ భాగం పోల్‌ను తాకాలి, ఏది తాకకూడదు, కాళ్ళ మధ్య కోణం కనీసం ఎంత ఉండాలి, ఎంతసేపు నిలవాలి, దాని విలువ ఎంత అని ఉంటుంది. స్థిరంగా నిలిపే మూవ్ రెండు సెకన్లు కదలకుండా ఉండాలి. స్ప్లిట్ అంటే కొన్నింటికి 160 డిగ్రీలు, కొన్నింటికి 180. మూవ్ సరిగ్గా పూర్తయితే ఎలా కనిపించాలో తేల్చుకోవడానికి దీన్ని మించింది లేదు.

కానీ అది న్యాయనిర్ణేతల కోసం రాసింది. చివరి భంగిమ తప్ప అందులోకి వెళ్ళే దారి, బయటకు వచ్చే దారి ఉండవు. తక్కువ విలువ వేసిన మూవ్ మీకు సులువని అర్థం కాదు, పోటీకి వచ్చేవాళ్ళకు సులువని. కొన్నేళ్ళకోసారి సవరిస్తారు కనుక కవరు మీద ఏ సంవత్సరాలకో చూసి తాజాదే దించుకోండి.

రీల్స్‌తో ఒక్క ఉపయోగం ఉంది, ఏం నేర్చుకోవాలో ఆశ పుట్టించడం. ఎలా నేర్చుకోవాలో వాటిని అడగకండి.

స్తంభం మీద చేసే మన సంప్రదాయ క్రీడ మల్లఖంబ్ గురించి కూడా చెప్పాలి, మన దేశంలో చాలామందికి పోల్ కంటే దాని కోచ్ దగ్గరగా దొరుకుతాడు. మధ్యప్రదేశ్ 2013లో దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. పొట్ట బలం, తలకిందులవడం, భయం పోవడం, ఇవన్నీ అక్కడ బ్రహ్మాండంగా నేర్పుతారు. అయితే అది పైకి పోనుపోను సన్నబడే లావాటి చెక్క స్తంభం, దానికి ఆముదం రాస్తారు. 45 మిల్లీమీటర్ల లోహపు గొట్టం మీద పట్టు వేరు. ఒళ్ళు తయారు చేసుకోవడానికి మల్లఖంబ్ కోచ్, మూవ్స్ కోసం పోల్ వనరు, ఇలా విడదీసుకోండి. సర్కస్ చైనీస్ పోల్ వీడియోలు కూడా ఇలాగే దారి తప్పిస్తాయి. దానికి రబ్బరు తొడుగు ఉంటుంది, బట్టలు, బూట్లు వేసుకునే ఎక్కుతారు. మన పోల్ మీద పట్టు చర్మంతోనే. మోకాలి మడతతో వేలాడే మూవ్స్‌కు షార్ట్స్ వేసుకోమనేది అందుకే. మొదటి స్పిన్‌లు చాలావరకు లెగ్గింగ్స్‌తోనూ నేర్చుకోవచ్చు. కాబట్టి సిగ్గుపడి అసలే మానేయకండి.

3. పేర్లను నమ్మకండి

1990ల్లో వీడియో క్యాసెట్లతో, స్టూడియోలతో పాఠాలు మొదలయ్యాయి. అంతకు ముందు ఈ మూవ్స్ క్లబ్బుల్లో డ్యాన్సర్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నవి. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. అందుకే ఈ రోజుకీ ఒకే మూవ్‌కు నాలుగు పేర్లు, ఒకే పేరుకు రెండు మూవ్స్.

అందరినీ తికమక పెట్టే జంట జెమినీ, స్కార్పియో. రెండూ తలకిందులై ఒక మోకాలి మడతతో వేలాడే మూవ్సే. ఒక చోట జెమినీ అన్నది ఇంకో చోట స్కార్పియో. ఇక్కడ పేరు వదిలేసి కాలు చూడండి. పోల్ మీ కుడి పక్కన ఉండగా తలకిందులయ్యారనుకుందాం. పోల్ వైపున్న కుడి కాలిని తగిలిస్తే అది ఇన్‌సైడ్ లెగ్ హ్యాంగ్. అవతలి ఎడమ కాలిని తగిలిస్తే ఔట్‌సైడ్ లెగ్ హ్యాంగ్. ఈ రెండు పేర్లకు ఎక్కడికెళ్ళినా ఒకటే అర్థం. ఏ వనరు కొన్నా మొదట ఈ రెండింటి పేజీ తీసి, వాళ్ళు ఏ కాలిని ఏమంటున్నారో చూసి రాసుకోండి. మిగతా పుస్తకం అంతా ఆ భాషలోనే ఉంటుంది.

చాపర్, ఇన్‌వర్టెడ్ వీ, స్ట్రాడిల్ అన్నవి కూడా చాలాచోట్ల ఒకటే, తలకిందులై కాళ్ళు రెండు వైపులా చాచడం. పేరు కొత్తగా ఉందని కొత్త మూవ్ అనుకుని మళ్ళీ కోర్సు కొనేవాళ్ళున్నారు.

పాఠాలన్నీ ఇంగ్లిషులో వింటున్నప్పుడు కొన్ని మాటలు మనకు తప్పుగా అందుతాయి. షోల్డర్స్ ఎంగేజ్ చేయండి అంటే భుజాలు పైకెత్తి బిగించమని కాదు. చెవుల నుంచి దూరంగా కిందికి లాగి, వీపు వెనక రెక్కలను దించి పట్టుకోమని. నీ పిట్ అంటే మోకాలి చిప్ప కాదు, మోకాలి వెనక మడత. కింది చేత్తో పుష్ అంటే లాగవద్దు, మోచేయి పూర్తిగా తాళం వేసినట్టు విరిచేయకుండా పోల్‌ను అవతలికి నెట్టమని.

4. తెలిసిన మూవ్‌తో పరీక్షించండి

వనరును కొత్త మూవ్‌తో అంచనా వేయలేరు, మీకే తెలియదు కనుక. ఫైర్‌మ్యాన్ స్పిన్ తీసుకోండి. అన్ని చోట్లా మొదటి వారాల్లో నేర్పేదే. ఆ పేజీ తెరిచి ఇవి ఉన్నాయో లేదో చూడండి.

పోల్‌కు పక్కగా, ఎంత దూరంలో నిలబడాలి? లోపలి చెయ్యి పైన, బాగా చాచి ఉండాలి. రెండో చెయ్యి ఎక్కడ? మొదటి అడుగు లోపలి కాలిది. బయటి కాలు వెడల్పుగా చుట్టూ తిరుగుతుంది. అది తిరుగుతుండగానే బరువు చేతుల మీదికి రావాలి, ఆ తరవాతే రెండు మోకాళ్ళ మధ్య పోల్ చిక్కాలి. ఈ వరస చాలా ముఖ్యం. బరువు చేతుల్లోకి రాకముందే కాళ్ళు ఎత్తినవాళ్ళు చటుక్కున కిందికి జారతారు. పోల్‌ను హత్తుకున్నట్టు నిలబడి మొదలుపెట్టినవాళ్ళకు తిరగడానికి చోటు ఉండదు, పిక్క వెళ్ళి పోల్‌కు తగులుతుంది. పై మోచేయి వంగితే ఒళ్ళు పోల్‌కు కొట్టుకుంటుంది. ఆపడం ఎలా? వేగం తగ్గాక పాదాలు నేలకు దించి, బయటి కాలు వెనక్కి వేసి నిలబడాలి.

ఇందులో కనీసం చేతుల ఎత్తు, బరువు మారే క్షణం, సాధారణంగా జరిగే రెండు తప్పులు, దిగే తీరు చెప్పారంటే ఆ వనరు నమ్మదగ్గది. ‘ఊపుతో తిరగండి, అందంగా పాదాలు చాచండి’ అని వదిలేశారంటే ముందుముందు ఇన్‌వర్ట్, అంటే తలకిందులయ్యే మూవ్ దగ్గరా అలాగే వదిలేస్తారు. ఫైర్‌మ్యాన్‌లో అలా వదిలేస్తే పిక్క మీద నీలం మచ్చ పడుతుంది. ఇన్‌వర్ట్‌లో మెడకు వస్తుంది.

5. ఇన్‌వర్ట్ పాఠాన్ని తూకం వేయడం

తలకిందులయ్యే మొదటి పాఠాన్ని ఎలా నేర్పారన్నదే ఒక వనరు విలువకు అసలు కొలత. ఇక్కడ తొందరపడకండి.

అసలు మొదలుపెట్టడానికి మీకు ఏం వచ్చి ఉండాలో పాఠం ముందే చెప్పాలి. పోల్ పట్టుకుని మోకాళ్ళు ఛాతీ వైపు ముడుచుకుని, రెండు పాదాలు నేల విడిచి, అయిదు సెకన్లయినా ఊగకుండా నిలవగలగాలి, అదీ రెండు వైపులా. ఏ చెయ్యి పైన ఉండాలో, పోల్ చంకకు ఎంత దగ్గరగా ఆనాలో చెప్పాలి. స్కూలును బట్టి ఇది కాస్త మారుతుంది, మారినా ఫరవాలేదు, చెప్పకపోవడమే తప్పు. నడుము భుజాల కంటే పైకి వెళ్ళేదాకా మోకాళ్ళు ముడిచే ఉంచి, ఆ తరవాతే కాళ్ళు విప్పమనాలి.

నేలను తన్ని ఎగరమనే పాఠం కనిపిస్తే అక్కడే ఆపేయండి. తన్నితే నడుము పైకి వెళ్తుంది, నిజమే. కానీ బలం చాలక వచ్చే కుదుపంతా ఒక్క భుజం మీద పడుతుంది. దిగేటప్పుడు ఆపడానికి ఆ బలం ఉండదు. తల ముందే వెనక్కి విసరమనేవాళ్ళూ అంతే. తల బరువు పైభాగాన్ని కిందికి లాగుతుంది, నడుము పైకి లేవదు.

మెట్లున్నాయా చూడండి. ముడుచుకుని నిలవడం, తరవాత టీచరు సాయంతో పైకి వెళ్ళి నెమ్మదిగా దిగడం, తరవాత సగం, తరవాత పూర్తి. నెమ్మదిగా దిగే సాధన ఉన్న పాఠం బంగారం. పైకి వెళ్ళే బలం దిగే సాధనతోనే వస్తుంది. లెగ్ హ్యాంగ్ నేర్పేటప్పుడు చేతులు నేలకు అందేంత తక్కువ ఎత్తులో మొదలుపెట్టమన్నారా, మోకాలి మడత జారితే చేతుల మీద నడిచి దిగడం చూపించారా అన్నది కూడా చూడండి. కింద 10 నుంచి 12 సెంటీమీటర్ల క్రాష్ మ్యాట్ వేయమని చెప్పి, మ్యాట్ ఉన్నా మెడ మీద పడితే కాపాడదని కూడా చెప్పే టీచరు మంచి టీచరు.

ట్విస్టెడ్ గ్రిప్‌ను కొత్తవాళ్ళకు నేర్పే వనరును కొనకండి. అందులో పై చెయ్యి లోపలికి మెలితిరిగి, ఆ స్థితిలో మొత్తం బరువు మోస్తుంది. భుజం కీలుకు అది కష్టం. బాగా అనుభవమున్నవాళ్ళు కూడా ఆచితూచి వాడతారు. మొదటి ఏడాది బొటనవేలును మిగతా వేళ్ళ పక్కనే ఉంచి పట్టే కప్ గ్రిప్, రెండు చేతులూ ఎడంగా పట్టే స్ప్లిట్ గ్రిప్, మోచేతి పట్టు చాలు.

6. వీడియో అయితే కళ్ళు ఇలా పెట్టండి

మొదట వెనకాల గోడ మీదో టీషర్టు మీదో ఉన్న అక్షరాలు చూడండి. తిరగబడి ఉంటే వీడియో అద్దంలా తిప్పింది. వాళ్ళు కుడి అన్నది మీకు ఎడమగా కనిపిస్తుంది, కుడి, ఎడమ కాళ్ళు తారుమారవుతాయి. జుట్టు, చెవి రింగులు ఎటు వేలాడుతున్నాయో చూస్తే వీడియోనే తలకిందులు చేశారేమో తెలుస్తుంది.

కోత ఎక్కడ పడిందో వెతకండి. పట్టు మార్చే క్షణంలోనే కట్ చేసి ఉంటే, మీకు కావాల్సింది అక్కడే పోయింది. పక్క నుంచి, వెనక నుంచి రెండు కోణాలైనా ఉండాలి. కంప్యూటర్‌లో యూట్యూబ్ అయితే వీడియో ఆపి కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కొక్క ఫ్రేము వెనక్కి, ముందుకు వెళ్తుంది. మూడు ఫ్రేములు పట్టుకోండి: చేతులు కుదిరిన క్షణం, రెండో పాదం నేల విడిచిన క్షణం, ఒక పట్టు వదిలి ఇంకోటి అందుకున్న క్షణం. మూడోదాంట్లో శరీరం ఎన్ని చోట్ల పోల్‌ను తాకుతోందో లెక్కపెట్టండి. ఒక చెయ్యి వదిలినప్పుడు మిగిలింది రెండు చోట్లే అయితే, ఆ రెండూ మీకు విడివిడిగా నిలుస్తాయో లేదో ముందు తేల్చుకోవాలి.

నొప్పి గురించి ఏమంటున్నారో వినండి. చర్మం మంట, తొడల మీద నీలం మచ్చలు మామూలే. చేతిలో తిమ్మిరి, కీలులో పొడిచినట్టు నొప్పి మామూలు కాదు, ఆపాలి. అన్నిటికీ ‘అలవాటైపోతుంది’ అనే టీచరును వదిలేయండి.

7. ఒక నోటు పుస్తకం

రెండు వనరులు చాలు. ఒకటి నేర్చుకోవడానికి, ఒకటి చివరి భంగిమ సరిచూసుకోవడానికి. వాటిని కలిపేది మీ నోటు పుస్తకమే. ఒక్కో మూవ్‌కు ఒక పేజీ. పైన ఈ వనరులో ఏ పేరు, ఆ వనరులో ఏ పేరు. స్టాటికా స్పిన్నా. పోల్‌ను తాకే చోట్లు తెలుగులోనే రాయండి: కుడి చంక, ఎడమ మోకాలి మడత, కుడి అరచేయి. ముందు రావాల్సిన మూవ్. దిగే దారి. తరవాత కుడి వైపు ఎన్ని సెకన్లు, ఎడమ వైపు ఎన్ని సెకన్లు, తేదీ, ఆ రోజు ఉక్కగా ఉందా లేదా.

ఫోన్‌ను నడుము ఎత్తులో, పోల్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి మీ ప్రయత్నాన్ని రికార్డు చేయండి. వెనక కెమెరాతోనే తీయండి, ముందు కెమెరా అద్దంలా తిప్పేయొచ్చు. రెండు వైపుల సెకన్ల మధ్య తేడా బాగా పెరిగితే కొత్త పేజీ తెరవకుండా బలహీనమైన వైపు ముందు చేయండి. దిగే దారి గడి ఖాళీగా ఉన్న పేజీ ఏదైనా ఉంటే, అది నిండేదాకా ఆ మూవ్‌కు పాదాలు నేల విడవకూడదు.